కొంగల హోటల్లో తమ్ముడికి గది

షియామెన్, ఉప్పు సందు
రెండో నెల, ఇరవయ్యో తేదీ

మరదలు పెక్‌హ్వాకు వదిన గిమ్‌చూ దీవెనలు.

ముందు తమ్ముడి సంగతి రాయి. బెంగ్‌హాయ్‌కి దగ్గు తగ్గిందా? నిరుడు వానలకి మోకాళ్ళు పట్టేశాయన్నావు, ఆ తరవాత ఆ ఊసే లేదు. తగ్గితే తగ్గిందని ఒక ముక్క రాయాలి కదా, లేకపోతే వాడి మోకాళ్ళు కూడా నాకే ఉన్నట్టు నొప్పి పుడుతుంది. నీ చక్కెర జబ్బు ఎలా ఉంది? మీ మనీలాలో మామిడిపళ్ళ కాలం వచ్చేస్తోంది, నాకు అదే భయం. పెద్దాడు తోనియోని రక్తపోటు మాత్రలు మానొద్దన్నానని చెప్పు. కోడలి కడుపునొప్పి ఏమిటో డాక్టరు తేల్చాడా? మనవరాలు లూర్దెస్‌కి ఉబ్బసం ఎలా ఉంది? వానల్లో బడికి పంపకండి, చదువు ఎక్కడికీ పారిపోదు. మీ కుక్క కుంటుతోందని రాశావు, దాని గురించి కూడా ఏదో ఒకటి రాసెయ్యి, నాకు నిద్ర పడుతుంది.

ఇక్కడ నేనూ మనవరాలు సూవన్ బాగానే ఉన్నాం. బాగున్నాం అని రాయాలంటేనే భయం, రాసి కవరు అంటించేలోపు ఏదో ఒకటి అవుతుంది. కొడుకూ కోడలూ ఫూచౌ మిల్లులోనే ఉన్నారు. సూవన్‌కి కొత్తగా పెట్టిన కొంగల హోటల్లో, భోజనాల హాల్లో పని దొరికిందని రాశాను కదా.

ఆ హోటలు గురించే ఈ ఉత్తరం. మీరు వస్తున్నారన్న మాట చదివి లేచి నిలబడ్డాను. ఆ కింది వరసలో "కొంగల హోటల్లో గది తీసుకుంటున్నాం" అని చూసి కూలబడ్డాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది. పెక్‌హ్వా, ఆ హోటలు వద్దు. ఎవరు చెప్పారు మీకు? తోనియోనేనా? వాడికేం తెలుసు?

నేను లోపలికి వెళ్ళి చూశాను. సూవనే తీసుకెళ్ళింది. హాల్లోనే జలపాతం ఉంది, నిజం జలపాతం, నీళ్ళు పైనుంచి కిందికి దూకుతున్నాయి. ఇంట్లోకి వాన కారితే మనం గిన్నెలు పెట్టేవాళ్ళం, వీళ్ళు రంగుదీపాలు పెట్టారు. దానిపక్కనే గాజు డబ్బాలో మనుషుల్ని నిలబెట్టి పైకి లాగుతారు. కాళ్ళకింద అంతా కనిపిస్తుంది. తమ్ముడి గుండెకు అది ఆగుతుందా? మీటల మీద అంకెలు చదివితే మూడు తరవాత ఐదు ఉంది. "నాలుగో అంతస్తు ఏదే?" అంటే, "లేదు నానమ్మా, నాలుగంటే చావన్నట్టు వినిపిస్తుంది కదా, దిగేవాళ్ళకు ఇష్టముండదని తీసేశారు" అంటుంది. ఎలా తీసేస్తారు? మధ్యలో అది ఖాళీగా ఉందా? అందులో ఎవరుంటున్నారు? ఎవరూ చెప్పరు.

మంచం మీద కూర్చుంటే నడుందాకా దిగిపోయాను, ఇద్దరు పట్టుకుని లాగారు. కిటికీలు తెరుచుకోవు. పొద్దున్నే చల్లటి పాలు, పచ్చి ఆకులు తినమంటారు, మేకల్లాగా. ఇంకో ఘోరం చెబుతాను విను. దిగినవాళ్ళను బస్సెక్కించి గుడికీ, పడవెక్కించి గులాంగ్యూ దీవికీ తిప్పి, చివర్లో మా చేపల బజారుకు తెస్తారు, ఇక్కడి బతుకు చూపించడానికట. పోయిన వారం నేను గట్టుమీద గొంతుక్కూర్చుని చేప పొలుసు గీకుతుంటే ఒక పసుపు జుట్టావిడ నా మొహం ముందు కెమెరా పెట్టి నొక్కేసింది. వెంట ఉన్న పిల్లవాడు, "మీరు చాలా అందంగా ఉన్నారంటోంది పెద్దమ్మా" అన్నాడు. అరవై తొమ్మిదేళ్ళదాన్ని, మోచేతులదాకా పొలుసులు! నా బొమ్మ ఇప్పుడు ఏ దేశంలో ఎవరి గోడమీద ఉందో.

రేవు అవతల పాత సత్రం ఉంది, శుభ్రంగా ఉంటుంది. అక్కడ తీసుకోండి. ఊళ్ళో ఇంకెక్కడైనా సరే. కొంగల హోటలు మాత్రం వద్దు. నా మాట విను.

వదిన

*

మనీలా
మూడో నెల, పన్నెండు

వదినగారికి పెక్‌హ్వా నమస్కారాలు.

మీరు అడిగిన వరసలోనే చెబుతాను. మీ తమ్ముడికి ఇప్పుడు దగ్గు లేదు. మోకాళ్ళ బాధా లేదు. దేనికీ విసుక్కోవడం లేదు, కూరలో ఉప్పు చాల్లేదని కూడా అనడం లేదు. నా చక్కెర నా దగ్గరే ఉంది. మామిడిపండు వాసన చూసి పక్కన పెడుతున్నాను, మీరు నమ్మరని తెలుసు. తోనియో మాత్రలు మింగుతున్నాడు. కోడలికి కడుపులో పుండు, మందిచ్చారు. లూర్దెస్ నిన్న బంతితో మా అద్దం పగలగొట్టింది, ఉబ్బసం ఆ మాత్రం తగ్గింది. కుక్కను కూడా అడిగారని దాని చెవిలో చెప్పాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మంచం మెత్తనైందనీ, కిటికీ తెరుచుకోదనీ, నాలుగో అంతస్తు ఎటో పోయిందనీ రాశారు. నవ్వలేక చచ్చాను. అయితే వదినా, ఒక మాట లేదు అందులో. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి మీ ప్రతి ఉత్తరం చివరా "ఇల్లు మీకోసం ఉంది, రండి" అని ఉంటుంది. ఈసారి హోటలు వద్దన్నారు, సత్రం చూపించారు. ఇంటికి రమ్మని మాత్రం అనలేదు. కోపం వచ్చిందా?

రాకపోయినా నేను చెప్పేది వింటే వస్తుంది. మేం ఇంట్లో దిగం. లోపలికి కూడా రాం. గడప దాటం. ఉప్పు సందు మొదట్లో నిలబడి ఇల్లు చూస్తాం, అంతే. ఎందుకని ఇప్పుడు అడగొద్దు. మీమీద ప్రేమ తక్కువై మాత్రం కాదు, నా పిల్లలమీద ఒట్టు.

హోటలు కాగితంలో బొమ్మ చూశాం. రేవు పక్కనే అని ఉంది. మన సందుకు దగ్గరే కదా? అందుకే అది. పై అంతస్తులో గది అడిగాడు తోనియో. అక్కడనుంచి మన ఇంటి పెంకులు కనిపిస్తే చాలు. ఒక్క రాత్రి ఉంటాం, మర్నాడు అమ్మానాన్నల సమాధులకు కొండ మీదికి వెళ్తాం.

మీ తమ్ముడు అడగమన్నాడు. నడవా పైన పెంకులు మళ్ళీ కారుతున్నాయా అని.

పెక్‌హ్వా

*

షియామెన్, ఉప్పు సందు
నాలుగో నెల, మూడో తేదీ

పెక్‌హ్వాకు,

గడప దాటరా? నేనేం చేశాను? నేనేం అన్నాను? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఎడమ చెవిలో మోత మొదలైంది. యాభై ఏళ్ళు తమ్ముడికోసం చూస్తుంటే వాడొచ్చి సందు మొదట పరాయివాడిలా నిలబడతాడా? వాడి నోటితోనే అన్నాడా ఆ మాట? వాడిచేత రెండు ముక్కలు రాయించు. చెయ్యి వణికితే వణకనీ. ఏడాదిగా వాడి అక్షరం చూడలేదు. పోనీ ఒక గీత గీయించు, వాడిదో కాదో నేను పోల్చుకుంటాను.

హోటలు మీద నీకు ఇంకా నమ్మకం చావలేదు కాబట్టి ఇది విను. మొన్న విదేశీ జట్టు ఒకటి రాబోతోందని వంటవాళ్ళూ వడ్డించేవాళ్ళూ సాధన చేశారు. పనివాళ్ళంతా తలా ఒక పెద్దమనిషిని తెచ్చుకుని అతిథుల్లా కూర్చోబెట్టాలట. సూవన్ నన్ను తీసుకెళ్ళింది. నీలం కోటు ఉతికి వేసుకున్నాను. పెద్ద గుండ్రటి బల్ల, మధ్యలో పళ్ళెం దానంతటది తిరుగుతుంది. చేతులు తుడుచుకునే గుడ్డను హంసలాగా మడిచిపెట్టారు. దాన్ని విప్పడానికి నాకు చేతులు రాలేదు. పక్కన కూర్చున్న ముసలాయన విప్పి మెడలో కట్టుకున్నాడు, మంగలి దగ్గర కూర్చున్నట్టు.

తరవాత ఇంత పెద్ద చేప వచ్చింది. పైవైపంతా తిన్నాం. తెల్ల తొడుగులు వేసుకున్న ఒక కుర్రాడు రెండు చెంచాలు దానికింద పెట్టి అమాంతం తిప్పబోయాడు. పెక్‌హ్వా, నా పైప్రాణాలు పైనే పోయాయి! ఓడ బోల్తా పడాలని కోరుకుంటే తప్ప మన రేవులో పుట్టిన వాడెవడైనా చేపను తిప్పుతాడా? ఒక్క అరుపు అరిచి వాడి చెయ్యి పట్టేసుకున్నాను.

హాలు పెద్ద పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది పెద్దమ్మా? ముల్లు గుచ్చుకుందా?"

"వీడు చేపను బోల్తా కొట్టిస్తున్నాడు బాబూ!"

"వీడిది హునాన్, కొండప్రాంతం. వీడికి తెలీదు. మీవాళ్ళెవరైనా సముద్రం మీద ఉన్నారా?"

"వస్తున్నారు. మనీలా నుంచి."

"ఏ ఓడలో?"

"విమానంలో."

"విమానమా! మరి ఇంకేం భయం పెద్దమ్మా?"

"విమానం మాత్రం తిరగబడదా ఏం?"

బల్లచుట్టూ అందరూ నవ్వారు. ఆ ముసలాయనకు పొలమారి దగ్గొచ్చింది. కుర్రాడు మాత్రం నవ్వలేదు, "క్షమించండి నానమ్మా" అని వెన్నుముల్లు నెమ్మదిగా ఎత్తి తీసి, కిందివైపు మాంసం తిప్పకుండానే పెట్టాడు. మంచి పిల్లవాడు. చల్లగా ఉండాలి.

చివర్లో వేరుశనగ పాయసం వచ్చింది. బొటనవేలంత గిన్నెలో, పైన ఏదో ఆకు గుచ్చి. మా నాన్న కుండలకొద్దీ కాచి అమ్మిన పాయసం! ఒక గుక్క తాగానో లేదో కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఆపుకోలేకపోయాను. సూవన్ వచ్చి, "నానమ్మా, ఇక్కడ ఏడవకు, హాలు పెద్ద చూస్తున్నాడు. పాయసం బాగాలేదనుకుంటాడు" అని గుసగుసలాడింది. ఎందుకేడ్చానో నాకే తెలీదు.

పెంకులు కారడం లేదని తమ్ముడితో చెప్పు.

వదిన

*

షియామెన్, తూర్పుకొండ నివాసాలు
మూడో భవనం, ఐదో అంతస్తు
నాలుగో నెల, ఐదు

పెక్‌హ్వాకు,

మొన్న ఒక ఉత్తరం వేశాను. ఇది దాని వెనకే వస్తుంది. పైన చిరునామా చూసి కంగారుపడకు. కంగారుపడు, కాని తమ్ముడికి చూపించకు. నువ్వు వంటింట్లో కూర్చుని ఒక్కదానివే చదువుకో.

ఎందుకేడ్చానో నాకు తెలుసు. నేను ఏడ్చిన చోటే మా నాన్న పొయ్యి ఉండేది.

ఇల్లు లేదు పెక్‌హ్వా. ఉప్పు సందే లేదు. మూడేళ్ళయింది. ఊరు పెద్దది చేస్తున్నారు, బయటి దేశాల వాళ్ళొచ్చి దిగడానికి మంచి హోటలు కావాలన్నారు, రేవు ఎదురుగా కావాలన్నారు. మన సందు రేవు ఎదురుగానే ఉంది. అందరికీ మంచి ఫ్లాట్లే ఇచ్చారు, అబద్ధం ఎందుకు, కుళాయి ఉంది, గ్యాసు ఉంది. నేను ఐదో అంతస్తుకెక్కి ఆయాసంతో కూర్చున్న రోజు నీకు రాయడానికి కాగితం తీశాను. అదే రోజు నీ ఉత్తరం వచ్చింది. తమ్ముడికి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో పెట్టామని, కళ్ళు తెరవగానే "అక్క ఇంట్లో పెంకులు సరిచేయించిందా" అని అడిగాడని రాశావు. ఆస్పత్రిలో ఉన్నవాడికి ఇల్లు కూల్చేశారని ఎలా రాయను? పెంకులు కొత్తవి వేయించానని రాశాను.

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. మీరు గోడ అడిగితే సున్నం కొట్టించానని రాశాను. చెదలు పట్టాయా అని అడిగితే మందు కొట్టించానన్నాను. నిరుడు తుపానుకు వెనక తలుపు పడిపోయిందనీ, కొత్తది చేయించాననీ రాశాను. మీరు అడగలేదు కూడా, నాకై నేనే రాశాను. అన్నీ బాగున్నాయంటే నమ్మరేమోనని! పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాలు పోస్టు మనిషి నాకే తెచ్చిస్తాడు, నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును. ఒకసారి "ఎన్నాళ్ళు గిమ్‌చూ అక్కా?" అని అడిగాడు. నేను వినిపించనట్టు తలుపు వేసేశాను.

మీరు అడిగి తీసుకున్న ఆ కొంగల హోటలే మన ఇల్లు. జలపాతం ఉన్నచోట మన ముందు నడవా. భోజనాల హాలు నాన్న దుకాణం. పక్కనున్న రేవు మెట్లు అలాగే ఉన్నాయి కాబట్టి నేను పోల్చుకోగలను. బెంగ్‌హాయ్ పుట్టిన గది పైన వెనకవైపు కదా, అది ఎక్కడికొచ్చిందో తెలీదు, గాలిలో ఎక్కడో ఉంది. వాడు వచ్చి ఆ నున్నటి రాళ్ళమీద నిలబడి, "ఉప్పు సందు ఎటు అక్కా?" అని అడిగితే నేనేం చెప్పను? ఆ మాట వింటే వాడి గుండె అక్కడే ఆగిపోతుంది. అందుకే హోటలు వద్దన్నాను, మంచం సాకు చెప్పి, ఆకుల సాకు చెప్పి.

ఇప్పుడు మీరు రావడం మానుకున్నా నాకు అనడానికి నోరు లేదు. వాడికి నువ్వే మెల్లిగా చెప్పు. ఎలా చెప్పాలో నీకు తెలుసు.

గిమ్‌చూ

*

మనీలా
ఐదో నెల, పంతొమ్మిది

వదినా,

ఇది నిలబడి చదవొద్దు. మంచంమీద కూర్చోండి. సూవన్ పని నుంచి వచ్చేదాకా ఆగండి, పక్కన తను ఉండాలి. అప్పుడు ఈ కింది వరసకు రండి.

ఆయన లేరు. నిరుడు తొమ్మిదో నెలలో, పొద్దున కాఫీ అడిగి, నేను తెచ్చేలోపు పోయారు. నొప్పి పడలేదు. నేను అబద్ధాలు చాలా రాశాను కాని ఇది నిజం.

మీకు రాయడానికి కూర్చున్నాను. మీరు తిండి మానేస్తారని తెలుసు. ఆ వారమే మీ ఉత్తరం వచ్చింది, ఆయనకు అల్లుతున్న చేతుల్లేని స్వెట్టరుకు ఛాతీ కొలత పంపమని. కొలత పంపాను. ఇంకేం చెయ్యను? స్వెట్టరు వచ్చింది. దాన్ని కాల్చి ఆయన దగ్గరికే పంపించాం. అక్కణ్ణుంచి ప్రతి ఉత్తరంలో ఆయన అడిగినట్టు నేనే అడుగుతూ వచ్చాను, పెంకులు కారుతున్నాయా, తలుపు ఎలా ఉంది అని. అడగకపోతే మీకు అనుమానం వస్తుందని. దగ్గు లేదు, మోకాళ్ళ నొప్పి లేదు అని రాసి, అది అబద్ధం కాదులే అని సరిపెట్టుకున్నాను.

మీ ఉత్తరం వంటింట్లోనే చదివాను, మీరు చెప్పినట్టే. చదివి పెద్దగా నవ్వాను. తోనియో పరుగెత్తుకొచ్చాడు, అమ్మకు పిచ్చెక్కిందనుకున్నాడు. లేని మనిషి తరపున నేను అడిగాను, లేని ఇంటికి మీరు పెంకులు వేయించారు. మనిద్దరం ఒకరికొకరం తగ్గట్టు దొరికాం. తరవాత ఎంతసేపు ఏడ్చానో చెప్పను.

ఒక్కటి మాత్రం వినండి. పెంకులు వేయించానన్న మీ ఉత్తరం ఆస్పత్రిలో ఆయనకు చదివి వినిపించాను. "అక్క పని మొదలుపెడితే ఇంతే" అని పక్క మంచం వాడికి కూడా చెప్పాడు. వెనక తలుపు సంగతి కూడా విన్నాడు. ఇల్లు బాగుందనుకునే పోయాడు. దానికి మిమ్మల్ని నేను ఏమీ అనను, ఎవరినీ అననివ్వను.

ఇక అసలు చిక్కు. పోయేముందు చాలాసార్లు అనేవాడు, "నన్ను ఇక్కడ పాతిపెట్టకు పెక్‌హ్వా. ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకోబెట్టి, మర్నాడు అమ్మానాన్నల పక్కకు కొండమీదికి చేర్చు" అని. అందుకే దహనం చేశాం. చిన్న నల్ల జాడీలో ఉన్నాడు. కాని బయట పోయినవాణ్ణి ఇంటి గడప లోపలికి తేకూడదు కదా. ఇక్కడి మనవాళ్ళ సంఘంలో పెద్దలంతా అదే అన్నారు, లోపలున్నవాళ్ళకు కీడు అన్నారు. లోపల ఉన్నది మీరూ సూవన్. మీకు చెబితే మీరు లెక్కచెయ్యకుండా లోపలికి తీసుకుపోతారు, ఆ తరవాత సూవన్ తుమ్మితే కూడా అదే కారణమని కుమిలిపోతారు. అందుకే ఇంటికి రామన్నాను. ఇంటికి దగ్గరగా ఉన్న హోటల్లో, కిటికీలోంచి ఇల్లు కనిపించేలా ఒక్క రాత్రి ఉంచుదామనుకున్నాను. ఇంట్లో కాకపోయినా ఇల్లు చూస్తూ పడుకుంటాడని.

ఇప్పుడు ఆ హోటలే ఇల్లంటున్నారు. దాంట్లోకి తెస్తే గడప దాటించినట్టా, కాదా? నాకు తెలీడం లేదు. తోనియో, "అమ్మా, హోటలు హోటలే" అంటాడు, వాడు ఇక్కడ పుట్టినవాడు. ఆయన ఇంటికి పెద్ద మీరు. మీరు వద్దంటే ఊళ్ళోకే తీసుకురాను, విమానం దిగి నేరుగా కొండకు వెళ్ళిపోతాం. మీ మాటే నా మాట.

పెక్‌హ్వా

*

షియామెన్, తూర్పుకొండ
ఆరో నెల, ఇరవై రెండు

పెక్‌హ్వాకు,

సూవన్ వచ్చేదాకా ఆగమన్నావు, ఆగలేదు. నిలబడే చదివాను. తరవాత సంగతి నాకు గుర్తులేదు, కింది అంతస్తామె వచ్చి వేన్నీళ్ళు తాగించిందట. ఇన్నాళ్ళూ రాయకపోవడం అందుకే. కాగితం తీస్తే "తమ్ముడి దగ్గు ఎలా ఉంది" అనే చెయ్యి రాయబోతుంది.

నీమీద మండిపడ్డాను. వాడు పోయిన రోజున నేనేం చేశానో కూడా నాకు తెలీదు, బజారుకు వెళ్ళి ఉంటాను, ఎవరితోనో బేరమాడి ఉంటాను. తెల్లబట్ట కట్టలేదు, ఒక అగరొత్తి వెలిగించలేదు. పిచ్చిదానిలా ఛాతీ కొలత అడిగాను! ఎంత ధైర్యమే నీకు, కొలత పంపడానికి? నాలుగు రోజులు నిన్ను గోడకు చెప్పి తిట్టాను. ఐదో రోజు సూవన్ అన్నం పెడుతూ, "నానమ్మా, నువ్వు సున్నం కొట్టించిన గోడ ఏది, దానికే చెబుతున్నావా?" అంది. ఈ కాలం పిల్లలకు నాలుక మీద అదుపు లేదు. అన్నం తిన్నాను.

అప్పుడు నువ్వడిగిన దాని గురించి ఆలోచించాను. కింది అంతస్తామెను అడిగాను. "అమ్మో, చచ్చినవాణ్ణి లోపలికి తెస్తారా? ఇల్లు కూలినా ఆ చోటు చోటే" అంది. ఆ మాటతో రెండు రోజులు తల తిరిగింది. ఆవిడ చెప్పింది సబబే. నేనూ పుట్టిన దగ్గర్నుంచీ అదే విన్నాను. మా చిన్నాన్న ఓడమీద పోతే తెచ్చి రేవులోనే పందిరి వేసి ఉంచారు, మా నాయనమ్మ గడప ఇవతల నిలబడి ఏడ్చింది, ఆయన అవతల ఉన్నాడు. నాకప్పుడు ఆరేళ్ళు. మధ్యలో ఆ గడప, నా మోకాలంత ఎత్తు చెక్క. దాన్ని తొక్కకూడదు, ఎక్కకూడదు, ఎత్తుకాలు వేసి దాటాలి. బెంగ్‌హాయ్ నడక నేర్చుకునేటప్పుడు దానిమీద పడి పన్ను విరగ్గొట్టుకున్నాడు.

ఇక ఉండబట్టలేక నిన్న హోటలుకు వెళ్ళాను. సూవన్‌కి చెప్పలేదు. గాజు తలుపుల ముందు నిలబడి కిందికి చూశాను. గడప ఎక్కడ? వంగి చేత్తో తడిమాను కూడా. ఏమీ లేదు పెక్‌హ్వా. బయటి రాయి, లోపలి రాయి ఒకటే, మధ్యలో సన్నటి ఇత్తడి గీత. నేను తడుముతుంటే తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. భయపడి వెనక్కి జరిగాను, మూసుకున్నాయి. ముందుకొస్తే తెరుచుకున్నాయి. ఎర్రకోటు కుర్రాడొచ్చి, "ఏదైనా పారేసుకున్నారా పెద్దమ్మా?" అన్నాడు.

"గడప కోసం చూస్తున్నాను."

"గడపా? చక్రాల పెట్టెలు తట్టుకుంటాయని పెట్టలేదు."

"మరి లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో ఎలా తెలుస్తుంది?"

"వచ్చినవాళ్ళందరూ రావచ్చు పెద్దమ్మా. హోటలు కదా!"

ఈలోపు సూవన్ వచ్చి నన్ను చూసి తల పట్టుకుంది. పక్కకు తీసుకెళ్ళి చెప్పాను అంతా. "సంచిలో ఏముందని ఇక్కడ ఎవరూ అడగరు నానమ్మా. నువ్వు మాత్రం హాల్లో గట్టిగా ఏడవకూడదు" అంది. ఏడవనని మాటిచ్చాను. అది నమ్మలేదు.

కీడు రాదని నేను అనను. వస్తుందేమోనని ఇది రాస్తూ కూడా రెండుసార్లు కలం పక్కన పెట్టాను. వస్తే లోపలున్నవాళ్ళకు కదా రావాలి? లోపల ఉన్నది జపాను వాళ్ళు, హాంగ్‌కాంగ్ వాళ్ళు, మర్నాడు ఎవరి దారిన వాళ్ళు పోతారు. సూవన్ ఆ రోజు సెలవు పెడుతుంది. అప్పుడు లోపల నేనొక్కదాన్నే, వాడి మనిషిని. నాకు వచ్చినా నేను ఓర్చుకుంటాను. చిన్నాన్నను బయట పెట్టిన రోజు నాయనమ్మ మొహం నేను చూశాను. నేను అలా నిలబడను. తీసుకురా. ఆ రాత్రి వాడు మా ఇంట్లోనే పడుకుంటాడు.

కాని పద్ధతిగా తేవాలి. దారి పొడుగునా వాడికి చెబుతూ ఉండాలి, లేకపోతే వెనకపడిపోతాడు. విమానం లేచేటప్పుడు "లేస్తున్నాం" అని చెప్పు. సముద్రం వచ్చినప్పుడు చెప్పు, అయిపోయినప్పుడు చెప్పు. కిందికి దిగాక మన భాషలోనే చెప్పమని తోనియోకి నేర్పు, వాడి యాస వాళ్ళ నాన్నకు తెలుసులే. ఆ గాజు డబ్బా ఎక్కేటప్పుడు తప్పకుండా చెప్పు, చచ్చినవాళ్ళకు అలాంటివి తెలీవు. నేను తలుపు దగ్గర లోపలివైపు నిలబడతాను. నువ్వు ఇత్తడి గీత దగ్గరికి రాగానే పేరుపెట్టి నేనే పిలుస్తాను. సూవన్‌కి ఇచ్చిన మాట ఏడవనని మాత్రమే, పిలవనని కాదు.

గది ఐదో అంతస్తులో అడగమని చెప్పాను, మరీ పైకి వెళ్తే వాడు పుట్టిన గదికి దూరమైపోతాడని. నాలుగు లేదు కాబట్టి అదే నాలుగవుతుందేమోనని మళ్ళీ భయం పట్టుకుంది. సూవన్ మూడో అంతస్తుకు మార్పించింది.

ఏడో నెలలో బయల్దేరకండి. ఆ నెలంతా దిక్కులేని పితరులందరూ తిరుగుతుంటారు, బెంగ్‌హాయ్ మెత్తనివాడు, ఆ తోపులాటలో నిలబడలేడు. పంచాంగం చూపించాను. ప్రయాణానికీ, కొండమీద మట్టి తవ్వడానికీ వరసగా రెండు మంచి రోజులు దొరికాయి. మాత్రలు మర్చిపోవద్దు, నీవీ తోనియోవీ. కుక్కను ఎవరికైనా అప్పజెప్పి రండి.

ఎనిమిదో నెల పన్నెండు, పొద్దుటి విమానం.

వదిన గిమ్‌చూ